ముకుతాడు లేని బండి

ఆ బండికి పళ్లున్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

సాయన్న ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. తిప్పి చూశాడు. చెయ్యి ఎంత సాగితే అంత దూరం పెట్టి చూశాడు. దీపాలుండాల్సిన చోట రెండు గుడ్లు. వాటి కింద నోరు, నోటి నిండా పళ్లు. చక్రాలైతే బండి కంటే పెద్దవి. ట్రాక్టరు వెనక టైర్లను నాలుగు మూలలా బిగించి, వాటి మీద చిన్న డబ్బా కూర్చోబెట్టినట్టుంది. వీపు మీద తాళంచెవి ఒకటి మూపురంలా పొడుచుకొచ్చింది. పక్కన ఒక బంతి, ఒక బొమ్మ ఎలుగుబంటి. అన్నీ ఉత్త గీతలే, లోపలంతా తెలుపు. పిల్లలు రంగు నింపాలి.

దాన్ని మాన్‌స్టర్ ట్రక్కు అంటారని కోడలు స్వరూప చెప్పింది. అది ఆడుకునే బండి అట, తాళం తిప్పితే ఉరుకుతుందట. ఆత్మకూరులో ఇంగ్లిష్ మీడియం బడి నడుపుతున్న కరుణ మేడం ఇలాంటి బొమ్మలు జిరాక్సు తీయించి చిన్న తరగతి పిల్లలకు పంచుతోంది. బడి అంటే ఆట అని పిల్లలకు తెలియాలని ఆమె ఆలోచన. మిగతా పిల్లలకు తెలిసింది. సాయన్న మనవరాలు అర్చనకు మాత్రం బడి అంటే పళ్లు అని తెలిసింది.

మొదటి రోజు ఆటోలో నవ్వుకుంటూనే పోయింది. పోయేసరికి తరగతి గోడ మీద మనిషంత ట్రక్కు బొమ్మ నోరు తెరుచుకొని ఉంది. మధ్యాహ్నం చేతిలో దాని పిల్లను, అంటే ఈ కాగితాన్ని, పట్టుకొని ఇల్లు చేరింది. మరుసటి పొద్దున ఆటో హారన్ వినబడగానే వసారా గుంజను కౌగిలించుకుంది. తల్లి కాళ్లు పట్టి లాగింది, నాయనమ్మ రేణుకమ్మ చేతులు విడదీసింది. ఒక చెయ్యి విడిపిస్తే రెండోది పట్టుకుంది. ఆటో నడిపే తిరుపతి బీడీ కాల్చుకుంటూ ఇదంతా చూసి, గుంజను కూడా ఎక్కించమన్నాడు. రోజూ ఇదే వరస.

ఇది కాగితం, దీనికి ప్రాణం లేదు, కరవదు అని ఇంటిల్లిపాదీ నచ్చజెప్పారు. పిల్ల శ్రద్ధగా విని, కరవకపోతే పళ్లెందుకు అని అడిగింది.

స్వరూప చివరికి ఒక మాట తెగేసింది. గద్వాలలో ఆమె అక్క ఉంది. అక్క ఇంటి వెనకే బడి. సోమవారం పొద్దున పిల్ల తన కాళ్లతో తాను ఆటో ఎక్కితే సరి. లేదంటే ఆ సాయంత్రం తమ్ముడు వచ్చి గద్వాలకు తీసుకుపోతాడు, అక్కడే ఉండి చదువుకుంటుంది. సాయన్న కొడుకు భానుప్రకాశ్ తల ఊపాడు. రేణుకమ్మ కాసేపు కళ్లొత్తుకుని, తర్వాత లేచి మనవరాలి గౌన్లు మడతపెట్టింది.

సాయన్నను ఎవరూ అడగలేదు. ఆయన్ను అడగడమంటే రోలును అడగడమే. పొద్దున ఒక మాట అంటే, రెండోది ఎండ తిరిగాక అనేవాడు. కిందటేడు ట్రాక్టరు వచ్చింది, కర్రెగాడు, పుల్లగాడు అనే జత ఎద్దులు బల్మూర్ రైతుకు అమ్ముడుపోయాయి. ఆనాటి నుంచి అదీ తగ్గింది. కొట్టంలో నులక మంచం వేసుకొని కూర్చుంటే పక్కన అర్చన చేరేది. ఇద్దరి వంతూ ఆ పిల్లే మాట్లాడేది. తాత ఊఁ కొడితే సరిపోయేది. ఆ పిల్ల గద్వాల పోతే, ఊఁ కొట్టడానికి కూడా ఆయనకు పని ఉండదు.

*

ఏరువాక పున్నమి ఆ ఏడు ఆదివారం వచ్చింది. ఎద్దులున్నవాళ్లు పొద్దున్నే వాగుకు తోలుకుపోయి కడిగారు. కొమ్ములకు రంగులేశారు. భానుప్రకాశ్ ట్రాక్టరును కడిగి, రిబ్బన్లు కట్టి, నాగలికి కొబ్బరికాయ కొట్టడానికి స్వరూపను వెంటబెట్టుకొని చేనుకు పోయాడు. రేణుకమ్మ భక్ష్యాలు చేసి, నాలుగు వాయనంలా కట్టుకుని పక్కింటికి పోయింది. పోతూ పోతూ, పిల్లతో ఆ కాగితానికి రంగులేయించమని, గీత దాటనివ్వొద్దని మొగుడికి చెప్పింది. గీత దాటొద్దన్నది మేడం పెట్టిన షరతు.

సాయన్న కొట్టంలో పాత గోనెసంచి విప్పుకుని కూర్చున్నాడు. అందులో కొమ్ముల రంగులు, మువ్వల పట్టెడలు, నూలు కుచ్చులు, వాడిన ముకుతాళ్లు. ట్రాక్టరుకు వీటితో పని లేదు. ఊరంతా ఎద్దులను అలంకరిస్తున్న పూట ఆయన చేతులకు తోచడం లేదు. ఒక పట్టెడ తీసి తుడిచాడు. మళ్లీ పెట్టాడు.

అర్చన కొంచెం దూరంలో మైనం రంగుల డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. కాగితం బోర్లా పడి ఉంది. దాని మీద కల్వం రాయి ఉంది.

"దాని మీద రాయెందుకు బిడ్డా?"

"లేవకుంట."

"లేస్తే ఏమైతది?"

"కరుస్తది."

అందరూ అన్న మాటే తానూ అంటే లాభం లేదని సాయన్నకు తెలుసు. "కర్రెగానికి లేకుండెనా పండ్లు?" అన్నాడు. "నీ చేతులకెళ్లి గడ్డి తినకపోయెనా?"

"కర్రెగానికి ముకుతాడు ఉండె," అంది అర్చన. "దీనికి లేదు."

సాయన్న రాయి పక్కకు తీసి కాగితం తిప్పాడు. పిల్ల చప్పున మంచం వెనక్కి పోయింది. ఆయన బొమ్మను మళ్లీ పరీక్షగా చూశాడు. కళ్లున్నాయి. పళ్లున్నాయి. వీపున మూపురం ఉంది. ఒడ్డూ పొడుగూ అంబోతంత ఉంది. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం, ముకుతాడు లేదు. ఇంత పశువుకు ముక్కు కుట్టకుండా వదిలేస్తే, ఆ బజారున తానైనా నడవడు. ఇన్నాళ్లు పిల్ల భయపడింది కాగితానికి కాదు, పట్టు లేని పశువుకు. ఇంట్లో ఉన్న ఇంతమందికీ తోచలేదు, తనకూ తోచలేదు.

"నిజమే," అన్నాడు. "ఎవడో తెల్వనోడు గిట్లనే ఇడిసిపెట్టిండు. ముక్కు కుడదాం పా."

గోనె కుట్టే దబ్బనం తీశాడు. నూలు దారం పేని సన్నటి తాడు చేశాడు. ముక్కు ఎక్కడో తేల్చడానికి కొంత సేపు పట్టింది. కళ్లకూ నోటికీ మధ్య గడుల గడులుగా జాలీ ఉంది. ఊపిరి పీల్చేది అక్కడే అని అర్చన మంచం వెనక నుంచే తీర్పు చెప్పింది. అయితే అదే ముక్కు అన్నాడు తాత. ముక్కు కుట్టేటప్పుడు పశువును ఒకరు పట్టుకోవాలి, అది ఈ పనిలో రివాజు. పట్టుకునేవాళ్లు లేకపోతే కుట్టడం కుదరదని ఆయన దబ్బనం కింద పెట్టేశాడు. పిల్ల చాలాసేపు చూసింది. తర్వాత ఒక వేలితో, కాగితం అంచున, ఎలుగుబంటి వైపు నుంచి అదిమి పట్టింది.

"నొస్తదా తాతా?"

"జర సురుక్కుమంటది. పసుపు పెడ్తే తగ్గుతది."

దబ్బనం ఇటు నుంచి అటు దిగింది. దారం వచ్చింది. అర్చన వంటింట్లోకి ఉరికి పసుపు తెచ్చి, పొడిచిన చోట తానే అద్దింది. అప్పుడు గమనించుకుంది, తన చెయ్యి దాని నోటి మీదే ఉంది. తీసేసుకుంది. కానీ మంచం వెనక్కి పోలేదు.

ముకుతాడు పడింది కనుక, ఇక ఏరువాక నాడు చేయాల్సినవన్నీ చేయాలి. సాయన్న తడిబట్టతో బండిని కడిగాడు. కాగితం అప్పడంలా ఉబ్బింది. కొమ్ముల రంగు ఆముదంలో కలిపి, తర్వాత చూసుకుంటే కొమ్ములు లేవు. బొగ్గుతో రెండు కొమ్ములు గీశాడు. మేడం గీత దాటొద్దన్నదని పిల్ల గుర్తు చేసింది.

"కొమ్ములు గీత లోపల ఎట్ల మొలుస్తయి?" అన్నాడు సాయన్న. "బయటికే గద వొచ్చేది."

అర్చనకు న్యాయంగానే తోచింది. ఒక కొమ్ము ఎరుపు, ఒకటి నీలం వేశారు. చక్రాలకు ఎర్రటి జాజు పూసి, మీద సున్నపు బొట్లు పెట్టారు. ఆముదం కాగితం అవతలి పక్కకు దిగి, వెనక కూడా ఒక మసక బండి కనిపించింది.

అంతా అయ్యాక సాయన్నకు ఏదో వెలితిగా తోచింది. కాస్త దూరం జరిగి చూశాడు. తెలిసింది. బండి ఒంటరిగా ఉంది. ఆయన తన జన్మలో ఒంటెద్దుకు అలంకారం చేయలేదు. ఒంటెద్దు నిలవదు, పక్కన జోడు కనబడకపోతే కట్టు తెంపుకుంటుంది. ముకుతాడు వేసి కూడా ఏం లాభం? దీనికి జత కావాలి.

బొగ్గు తీసుకుని, ఎలుగుబంటి ఉన్న జాగాలో, ఎలుగుబంటి మీదుగానే గీయడం మొదలుపెట్టాడు. మూడో తరగతిలో పలక దించినవాడు మళ్లీ గీసింది చేలో నాగటి చాలు ఒక్కటే. మొదటి చక్రం జొన్నరొట్టెలా వచ్చింది. రెండోది అంచు విరిగిన జొన్నరొట్టెలా వచ్చింది. కళ్లు రెండూ ఒకే పక్కన పడ్డాయి. నోరు గీసి, పళ్ల దగ్గర చెయ్యి అలిసి, రెండే పెట్టి వదిలేశాడు. ఆ రెండూ వంకరే.

అర్చన వంగి చూసింది. ముందు రెండే పళ్లు మిగిలిన తాత నోటి వంక చూసింది. మళ్లీ బొమ్మ వంక చూసింది.

"తాతా, గిది నీ లెక్కనే ఉంది," అని నవ్వడం మొదలుపెట్టింది.

కూర్చుని నవ్వింది, పడుకుని నవ్వింది, వెక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది. సాయన్న మీసం కింద నవ్వుకుంటూ రెండో దానికీ ముక్కు కుట్టాడు. ఈసారి పట్టుకోమని చెప్పనక్కరలేకపోయింది. రెండు చేతులా పట్టుకుంది. నోటినిండా పళ్లున్నదానికి కర్రెగాడని, రెండే పళ్లున్నదానికి పుల్లగాడని పేర్లు పెట్టింది. పండుగ నాడు ఎద్దులకు భక్ష్యం పెట్టకుండా మనుషులు తినరు గదా, నెయ్యి వేసిన భక్ష్యం తుంచి ఇద్దరి నోళ్లకూ రాసింది.

*

పొద్దు వాలాక ఊరి బయట గోగునార తోరణం కట్టారు. ఎద్దులను దాని కిందుగా తోలుతారు. రైతులు చెర్నాకోలతో తోరణాన్ని కొట్టి, రాలిన నార పీచు తెచ్చి తమ ఎద్దులకు కట్టుకుంటారు. ఆ పీచు కడితే ఏడాదంతా పశువు చెప్పినట్టు వింటుందని నమ్మకం. ఎద్దులు లేవు కనుక ఈసారి పోనని సాయన్న ముందే అనుకున్నాడు. అర్చన ఒప్పుకోలేదు. మరి వీటికి పీచు ఎవరు కడతారని అడిగింది.

మనవరాలు మెడ మీద, కాగితం ఆమె చేతిలో, రెండు ముకుతాళ్లు ఆయన నెత్తి మీద వేలాడుతుండగా సాయన్న తోరణం దగ్గరికి వచ్చాడు. జనం చూశారు. చూసి ఊరుకునే జనం కాదు. మేత ఖర్చు లేని జత దొరికిందే అని ఒకరు, పేడ ఏస్తయా అని ఒకరు అడిగారు. ఎద్దుల బేరాల్లో తలపండిన బుచ్చన్న దగ్గరికి వచ్చి, బేరగాడిలా కళ్లు చికిలించి కాగితం చుట్టూ తిరిగాడు.

"ఏం సాయన్నా, ఎన్ని పండ్లేసింది గీ జత?"

సంతలో ఎద్దును చూసినవాడు మొదట అడిగేది అదే. నోరు తెరిచి, పళ్లు లెక్కించి, వయసు చెబుతారు.

"ఒకటి నోటినిండ ఏసింది," అన్నాడు సాయన్న. "ఇంకోదానికి రెండే. కోడె."

తోరణం కిందున్న వాళ్లంతా నవ్వారు. అర్చన మాత్రం నవ్వలేదు. వంగి తాత చెవిలో అడిగింది. "పండ్లున్నది లెక్కవెట్టనీకేనా తాతా?"

"మరెందుకు? వయసు తెల్వనీకే."

పిల్ల దారి పొడుగునా ట్రక్కు పళ్లు లెక్కపెట్టింది. ఆమెకు వచ్చిన అంకెలు అయిపోయి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఇది శానా ముసలిది తాతా అని తేల్చింది. ఇంటికి వచ్చేసరికి ఆమె గొంతులో భయం పోయి జాలి మిగిలింది.

*

సోమవారం పొద్దున స్వరూప సంచి సర్దబోయి కాగితం చూసి, ఉన్నచోటే చతికిలబడింది. ఆముదం మరకలు. పసుపు. గీత బయట కొమ్ములు. ఎలుగుబంటి నామరూపాల్లేవు. రెండు చిల్లులు, వాటికి దారాలు, దారాలకు గోగునార. బెల్లం వాసనకు చీమలు బారు కట్టి పుల్లగాడి నోట్లోకి పోతున్నాయి.

"ఏంది మామా ఇది?"

సాయన్న వేపపుల్ల నములుతూ గోడ వంక చూశాడు. తన పండుగ పిల్ల మెడకు చుట్టుకుంటుందని ఆయనకు అప్పుడే తోచింది. స్వరూప అరవలేదు. ఈ కాగితం పట్టుకుని పోతే మేడం గుమ్మంలోనే నిలబెడుతుందని, అంతకంటే పిల్ల గద్వాల పోవడమే మర్యాదని మెల్లగా అంది. ఆ మెల్లదనమే సాయన్నకు ఎక్కువ తగిలింది.

సందు చివర హారన్ మోగింది. అందరూ గుంజ వంక చూశారు. గుంజ దగ్గర ఎవరూ లేరు. అర్చన చీమలను ఊది, రెండు ముకుతాళ్లు పిడికిట పట్టుకుని, కాగితాన్ని గాలిలో నడిపించుకుంటూ వాకిలి దాటుతోంది. మధ్యలో ఆగి, అవి మొండికేస్తే అదిలించింది. తన కాళ్లతో తాను ఆటో ఎక్కింది. గుంజ రాదా ఈ పూట అని తిరుపతి అడిగితే, జరుగు, ఎద్దులకు జాగ లేదు అంది.

ఆ పూట సాయన్న రెండు భక్ష్యాలు ఎక్కువ తిన్నాడు.

మధ్యాహ్నం ఆటోతో పాటు కబురు వచ్చింది. ఆ కాగితం చేసిన పెద్దమనిషి రేపు పొద్దున బడికి రావాలని మేడం అన్నదట. మేడం కోపంగా ఉందా అంటే, తిరుపతి కాస్త ఆలోచించి, శానా పరేషాన్ ఉంది అన్నాడు. సాయంత్రం గద్వాల నుంచి స్వరూప తమ్ముడు దిగాడు. ఆమె అతనికి అన్నం పెట్టి, ఉండమంది. రేపు మేడం వద్దంటే, పిల్లను నేరుగా బస్సెక్కించడమే.

మంగళవారం సాయన్న ఉతికిన ధోవతి కట్టాడు. ఎందుకైనా మంచిదని దబ్బనం, నూలు ఉండ అంగీ జేబులో వేసుకున్నాడు. ఎందుకో ఆయనకే తెలియదు. వట్టి చేతులతో పోవడం అలవాటు లేదు. ఆటోలో పిల్లల సంచుల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. అర్చన దారంతా మాట్లాడింది. ఆయన ఊఁ కొట్టలేకపోయాడు.

బడి ముందుకు వచ్చేసరికి ఏడుపులు వినిపించాయి. చిన్న తరగతి గుమ్మం బయట పిల్లల మంద. ఒకడు తలుపు రెక్కను కౌగిలించుకున్నాడు. ఇద్దరు ఆయమ్మ కొంగు పట్టుకున్నారు. లోపల గోడ నిండా రంగురంగుల ట్రక్కులు, ఎర్రవి, పచ్చవి, అన్నీ గీత దాటకుండా శుభ్రంగా ఉన్నాయి. వాటి నడుమ మనిషంతది.

కరుణ మేడం నుదురు పట్టుకుని ఉంది. నిన్నటిదాకా ఈ తరగతిలో ఒక్క పిల్లకే భయం. నిన్న ఆ పిల్ల వచ్చి, గోడ మీదివాటికి ముకుతాళ్లు లేవు, అవి విప్పి ఉన్నాయి, ఏ పూటైనా ఉరుకుతాయి అని అందరికీ వివరంగా చెప్పింది. ఇప్పుడు ఆ ఒక్క పిల్ల తప్ప ఎవరూ లోపలికి రావడం లేదు. ఏం చెప్పినా వినడం లేదు.

"మీరు పెట్టిన భయం, మీరే తీయాలి," అంది మేడం. "నాకైతే చేతకాలేదు."

సాయన్న తల ఊపాడు. పిల్లలు కూర్చునే చిట్టి కుర్చీ మీద కూర్చోబోయి, అది తన బరువుకు ఆగదని గ్రహించి నేల మీద కూర్చున్నాడు. జేబులోంచి దబ్బనం తీశాడు. గోడ మీది కాగితాలు ఒక్కొక్కటే దింపించాడు. ఎవరి బండి వాళ్లే పట్టుకోవాలి, పట్టుకోకపోతే కుట్టేది లేదన్నాడు. పట్టుకోవడం ఎలాగో అర్చన అందరికీ చూపించింది, ఎలుగుబంటి వైపు నుంచి. తలుపు రెక్కను వదలనివాడు అందరికంటే చివర వచ్చాడు. వాడి బండికి ముక్కు కుడుతుంటే వాడే తుమ్మాడు. ఆయమ్మ వంటగది నుంచి పసుపు తెచ్చింది.

మనిషంత దానికి ముకుతాడు వేయడానికి అర్చన తాత మెడ మీద ఎక్కాల్సి వచ్చింది. తాడు వేలాడదీశాక పిల్లలు వంతులవారీగా దాన్ని లాగి చూశారు. అది కదల్లేదు. ఒక్కొక్కరే పోయి దాని కింద కూర్చున్నారు.

అప్పుడు అర్చన గోడ వంక చూసి, కర్రెగాడికి పుల్లగాడు ఉన్నాడు, పెద్దదానికి జోడు లేదంది. పిల్లలందరూ ఒకేసారి మేడం వంక చూశారు. మేడం సాయన్న వంక చూసింది. సాయన్న నూలు ఉండ చుట్టుకుంటూ, ఒంటెద్దు నిలవదని మాత్రం చెప్పాడు. ఆమె కొంచెంసేపు తటపటాయించి, సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద గీయడం మొదలుపెట్టింది. ఆమె గీసిన చక్రం జొన్నరొట్టె కంటే ఏమీ మెరుగ్గా రాలేదు. తరగతి నవ్వింది.

పిల్ల సంగతి ఏం చేయమంటారని సాయన్న గుమ్మం దగ్గర ఆగి అడిగాడు. పొద్దుటి నుంచీ ఆయన అడగాలనుకుంటున్నది ఆ మాటే. మేడంకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఆ పిల్ల రాకపోతే రేపు వీళ్లనెవరు లోపలికి తోలుతారని ఆమె ఎదురడిగింది.

ఇంటికి వచ్చి ఆ మాట స్వరూపకు చెప్పాడు. చెప్పడానికి ఆయనకు రెండు వాక్యాలు కావలసి వచ్చాయి. స్వరూప మామ మొహం వంక ఒకసారి చూసి, గౌన్ల సంచి విప్పి మళ్లీ పెట్టెలో పెట్టింది. తమ్ముడు మిగిలిన భక్ష్యాలు మూట కట్టించుకుని, ఒక్కడే గద్వాల బస్సెక్కాడు.

సాయంత్రం అర్చన కొట్టంలో మంచం మీద చేరి, బడిలో జరిగినదంతా, తాత కళ్లారా చూసినదంతా, మొదటి నుంచి చెప్పుకొచ్చింది. రేపు అన్నిటికీ మేత కావాలంది. సాయన్న ఊఁ అన్నాడు. మధ్యలో లేచి పోయి, గడ్డివాము నుంచి ఒక పిడికెడు దూసుకొచ్చి ఆమె సంచిలో పెట్టాడు.